మగ్గం మీద మిగిలిన జంపఖానా

భద్రకాళి చెరువుకు గండి పడిన ఏడాది అది. కొత్తవాడలో ఆ ఏటికి అంకె పెట్టి చెప్పేవాళ్లు తక్కువ. పెండ్లయినా, పిల్ల పుట్టినా, మనిషి పోయినా గండికి ముందా, గండికి తర్వాతా అనే అడుగుతారు. జంపఖానాల కార్ఖానా పెట్టిన సిద్దిరాములు పోయింది గండికి తర్వాత. కానీ వాడకట్టువాళ్లు ఆయన్ని తలుచుకునేది మాత్రం గండి పడ్డ రోజు చూసిన తీరుతోనే.

ఆ రోజు కార్ఖానాలోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. పవర్‌లూమ్‌ల కరెంటు తీసేశారు. పడుచువాళ్లంతా నూలు బేళ్లను అటకెక్కిస్తున్నారు. ఎనభై దాటిన సిద్దిరాములు ధోతి ఎగ్గట్టి, గోడ పట్టుకుని నడిచి, మూలనున్న మగ్గం పలక మీదికెక్కి కూర్చున్నాడు. మగ్గం గుంత నిండా ఎర్రనీళ్లు. కాళ్లు రెండూ ఆ నీళ్లలోకి దించి, అడుగున ఎక్కడో ఉన్న తొక్కుడు కట్టెలను పాదాలతోనే వెతికి తొక్కాడు. గుంతలోంచి బుడబుడమని బుడగలు లేచాయి. నిలువు దారాల పడుగు విచ్చుకుంది. అడ్డదారపు పేక దూర్చి పంజాతో దగ్గరికి కొట్టాడు.

"తాతా, దిగరాదే! పామో తేలో అస్తది!" అని మనుమడు జీవన్ మొత్తుకున్నాడు.

"అస్తె రానియ్. ఇంత జాగిచ్చి పక్కన కూసోబెడ్త. నేత నేర్సుకుంటది," అన్నాడు సిద్దిరాములు. నీళ్లలో నిలబడి చూస్తున్న జోడీ నేతగాడు ఎల్లస్వామి దిక్కు తిరిగి, "నువ్వేందిరా, జాతరకొచ్చినట్టు చూస్తానవ్? నీ దిక్కు నువ్వు కూసో," అన్నాడు.

ఎల్లస్వామి ధోతి ఎగ్గట్టాడు. అతను మాట్లాడితే విశేషం. నీళ్లలోంచి నడిచి వచ్చి పలక మీద కుడి దిక్కున కూర్చున్నాడు.

అది జోడీ మగ్గం. పెండ్లి పందిళ్లలో, సభల్లో పరిచే వెడల్పు జంపఖానా ఒక మనిషి చేతికి అందదు. ఒకే పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ సగం ఒకడిది, కుడి సగం ఒకడిది. ఎడమన సిద్దిరాములు తొక్కితే ఇద్దరి పడుగూ విచ్చుకునేది. ఎవరి సగంలో వాళ్లు రంగు పేకలు దూర్చుకుని, ఇనుప పళ్ల పంజాతో దగ్గరికి కొట్టుకునేవాళ్లు. నడుమ ఒక్క దారం దగ్గర రెండు సగాలూ కలిసేవి. పవర్‌లూమ్‌లు వచ్చి చేతి మగ్గాలన్నీ పోయినా ఇదొక్కటి మిగిలింది, ఎందుకంటే కార్ఖానా పెట్టిన మనిషి కూర్చునేది దీని మీద. సిద్దిరాములు కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు. బ్యాంకువాళ్లు వచ్చినా, ఢిల్లీ బేరగాళ్లు వచ్చినా ఆ పలక దగ్గరికే వచ్చి నిలబడి మాట్లాడాలి.

ఆ వేళ ఇద్దరు ముసలివాళ్లు నీళ్లలో కాళ్లు వేలాడేసి జానెడు జంపఖానా నేశారు. బేళ్లు మోసేవాళ్లు మోయడం ఆపి చూశారు. నీళ్లు చూసి ఏడుస్తున్న ఆడవాళ్లు ఏడుపు ఆపి చూశారు. ఆ తర్వాత ఎవరూ ఏడవలేదు. "బాపు నేస్తాండంటె కార్ఖానా నడుస్తానట్టే," అన్నాడు పవర్‌లూమ్ నడిపే రాంచందర్.

నీళ్లు దిగిపోయాక సిద్దిరాములుకు జరం పట్టుకుంది. దవాఖానకు పోయిన మనిషి నడిచి రాలేదు.

జంపఖానా మగ్గం మీదే ఆగిపోయింది. నీలం నేల, దాని మీద మెట్లు మెట్లుగా ఎర్ర అల్లిక. ఆయన పంజా పడుగు దారాల మధ్య గుచ్చినది గుచ్చినట్టే ఉంది.

మాసికం దగ్గర పడుతున్నప్పుడు ఒక పొద్దున ఎల్లస్వామి వచ్చేసరికి మగ్గం దగ్గర జీవన్ టేపు పట్టి కొలుస్తున్నాడు. పక్కన అద్దాల ఫ్రేములు కట్టే మనిషి ఒకడు.

"ఏంది?" అన్నాడు ఎల్లస్వామి.

"మా తాత ఫోటో కింద పెడ్దామని, తాతా. ఆఖరుకు నేసింది గదా. ఎక్కడిదక్కడ కోసి, అద్దంల పెట్టి, ముందటి హాల్ల కడ్దాం. మాసికం నాడు అందరొస్తరు, చూస్తరు." జీవన్ గొంతులో దుఃఖం ఉంది. పిల్లవాడికి తాతంటే ప్రాణం. ఎంబీయే చదివి హైదరాబాదులో నౌకరీ వస్తే వద్దని వచ్చి కార్ఖానా పట్టుకున్నవాడు.

ఎల్లస్వామి మగ్గానికీ టేపుకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. ఫ్రేములవాడు జీవన్ మొహం చూశాడు.

"కొయ్యద్దు," అన్నాడు ఎల్లస్వామి.

"ఎందుకు తాతా?"

"జోడీల ఒకడు పోతె రెండోడు మిగిలింది నేసి మగ్గం మీదికెల్లి దించాలె. దించినదాని మీద మాసికం బంతి కూసోవాలె. మీ తాత పెట్టిన కట్టుబాటు. మా అయ్య పోయినప్పుడు మీ తాతనే దించిండు. సగం మీద కోస్తె..." చేత్తో గాలిలో ఒక కోత కోసి చూపించాడు.

జీవన్ టేపు చుట్టేశాడు. "మాసికం లోపల అయితదా మరి? రెండు దిక్కులూ నువ్వొక్కనివే."

"అయితది."

"నీ చెయ్యి..."

"నా చేతికేమైంది?" అన్నాడు ఎల్లస్వామి. కుడి చేతిని మాత్రం ధోతి మడతలోకి పోనిచ్చాడు. కరోనా జరం వచ్చి పోయినప్పటినుంచి ఆ చేతి వేళ్లలో తిమ్మిరి ఉండేది. పంజా పట్టేదాకానే. పట్టాక అదే పోతుందని అతని నమ్మకం.

అతని నమ్మకం ఇంకొకటి కూడా ఉంది. దాన్ని పెండ్లాం పూలమ్మకు కూడా చెప్పలేదు. ఈ మూడేండ్లుగా మగ్గం నిలిచింది తన చేతి మీదే అని. సిద్దన్నకు వయసు మీద పడింది. కొట్టు వదులైంది. ఆయన దిక్కున పేకల మధ్య వేలు దూరేంత సందులు వస్తుండేవి. ఆయన నీళ్లు తాగడానికి లేచి కుండ దగ్గరికి పోయినప్పుడల్లా ఎల్లస్వామి గబగబా వంగి, తన పంజాతో ఆయన సగం కొట్టి గట్టి చేసేవాడు. ఆయన తిరిగి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. పెద్ద మనిషి మనసు నొప్పించకూడదు. తన సగం సంగతి వేరే. రాత్రి వదిలిపోయి పొద్దున వచ్చి చూసుకుంటే చెక్క లెక్క గట్టిగా ఉండేది. దాని మీద అరచేయి రాసి, చాయ్ తాగినంత తృప్తి పడి, అప్పుడు కూర్చునేవాడు.

సిద్దన్న పంజాను దారాల్లోంచి తీసి, కండ్లకద్దుకుని, పక్కన పెట్టాడు. నేత మొదలుపెట్టాడు.

*

తెల్లారి వచ్చి అలవాటుగా అరచేయి రాస్తే చేయి ఆగిపోయింది.

పాత నేత చెక్కలా ఉంది. నిన్నటి నేత నానిన అట్టలా ఉంది. వేలు పెట్టి నొక్కితే పేకలు పక్కకు జరిగాయి. అంచు నిలువుగా రాక పాము పాకినట్టు వచ్చింది. ఎడమ సగమంటే సరే, అలవాటు లేని చోటు. కుడి సగం? అది తన సగం.

ఎల్లస్వామి మగ్గం చుట్టూ తిరిగాడు. పడుగు చుట్టిన దూలాన్ని కదిలించి చూశాడు. నీళ్లు తాగిన కట్టె ఉబ్బిందేమోనని గోటితో గీరాడు. దూలం బాగానే ఉంది. పడుగు బిగువుగానే ఉంది. పేక తీసి పండ్ల మధ్య పెట్టి కొరికి చూశాడు. చివరికి బుట్టలోని, పేక నూలు చుట్టిన కండెలను తీసి ఒక్కొక్కటి నొక్కాడు.

కండెలు చుట్టేది రమ. పడుచుది, ఇద్దరు పిల్లల తల్లి. మొగుడు కాజీపేట స్టేషన్ దగ్గర ఆటో నడుపుతాడు, నడిపిననాడు. రాట్నం ముందు కూర్చుని పాటలు పెట్టుకుని చుట్టేది. ఎల్లస్వామి కండె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"వదులు చుట్టినవ్."

"ఎప్పటిలెక్కనే చుట్టిన కాకా."

"వదులు."

"ఒత్తి చూడుండ్రి, రాయిలెక్కున్నది. రాంచందరన్నా, నువ్వు చూడరాదే."

రాంచందర్ పవర్‌లూమ్ మోతలోంచే అరిచాడు: "నాకెందుకమ్మా! ఎల్లన్న నోరు తెరిచిండంటె వానలు మల్ల వస్తయేమో చూస్కొ!"

అందరూ నవ్వారు. రమ నవ్వలేదు. "సరే కాకా, మల్ల చుడ్త," అని మళ్లీ చుట్టింది. ఆ కండెలతో ఎల్లస్వామి నిన్నటి నేతంతా విప్పి మళ్లీ నేశాడు. పొద్దు గూకేదాకా తల ఎత్తలేదు. ఈసారి ప్రతి పేకనూ రెండేసి దెబ్బలు కొట్టాడు. మరునాడు పొద్దున చూస్తే మళ్లీ అదే. అంచు ఇంకా ఎక్కువ వంకర పోయింది.

అప్పుడు జీవన్ వచ్చాడు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నేతను చూశాడు, ఫోన్ తీసేశాడు.

"ఇదేంది తాతా ఇట్లొస్తాంది?"

ఎల్లస్వామి కండెల బుట్ట దిక్కు చూశాడు. అంతే. ఆ చూపును జీవన్ అందుకున్నాడు. మాసికం దగ్గరికొచ్చిన కంగారు, తాత పోయిన బాధ, వరద నష్టం, అన్నీ ఆ చూపు వెంట పోయి రమ మీద పడ్డాయి.

"రమా, నీకేమన్న సోయున్నదా? బాపు జంపఖానా ఇది. పాటలు వినుకుంట చుడ్తె గిట్లనే ఉంటది. మాసికం అయ్యేదాక ఇంటికాడుండు. కండెలు వేరేటోళ్లు చుడ్తరు."

"సారూ, నేను..."

"పో అమ్మా."

రమ లేచి రాట్నం మీది నూలు చక్కగా సర్దింది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. పోతూపోతూ మగ్గం దగ్గర ఆగింది. ఎల్లస్వామి ఏమన్నా అంటాడేమోనని చూసింది. అతను పేక దూరుస్తున్నాడు. ఆమె గడప దాటింది.

సాయంత్రం ఎల్లస్వామి ఇంటికి పోయేసరికి ఆ కబురు అతనికంటే ముందే చేరింది. పూలమ్మ పళ్లెం నేలకు తగిలి మోగేట్టు పెట్టింది.

"పిల్ల ఏడ్చుకుంట పోయిందట."

అన్నం కలుపుకున్నాడు.

"గా పిల్ల చుట్టిన కండెలతోని గీ మూడేండ్లు మంచిగ నేసినవ్. బాపు పోంగనే కండెలకు రోగమొచ్చిందా?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది.

"నన్ను చూస్తావేంది? నాకేమెరుక? మగ్గం మీద కూసునేటోనివి నువ్వు." కూర వేసింది. "నీకు నోరిచ్చిన దేవుడు ఉత్తగ అన్నం తిననీకె ఇయ్యలే."

*

మర్నాడు అతను మగ్గం ఎక్కకముందే సిద్దిరాములు ఇంట్లోంచి పిలుపు వచ్చింది. కార్ఖానా వెనకే ఇల్లు. ఆయన భార్య మల్లవ్వ మనిషి పోయినప్పటినుంచి లోపలి గది దాటి రాలేదు. చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నుదురు బోసిగా ఉంది. ఆ నుదురు చూడలేక ఎల్లస్వామి గడప మీద చూపు నిలిపాడు.

"కూసో ఎల్లసామీ."

"ఉండనీ వదినె."

"కూసో అంటాన గదా. నిలబడి వినేది గాదిది."

గడప దగ్గర కూర్చున్నాడు. మల్లవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. ఆమెకు చెప్పడం ఇష్టం లేదని, చెప్పక తప్పదని రెండూ ఆ మొహంలోనే కనిపించాయి.

"రమను ఎల్లగొట్టిండ్రట."

"జీవనూ..."

"వాని మీద పెట్టకు. వాడు చిన్నోడు." గోడకు తల ఆనించింది. "ఆయన చెప్పద్దన్నడు. బతికినన్ని దినాలు చెప్పలే. సచ్చినంక గూడ చెప్పకపోదును. గని ఒకరి కడుపు మీద కొట్టి దాచుకునే మాట గాదిది. గా మంచం కిందున్న సంచి గుంజు."

ఎల్లస్వామి మంచం కింది గోనెసంచి గుంజాడు. బరువు లేదు. మూతి విప్పాడు. నిండా నూలు. ఎర్రది, నీలిది, అక్కడక్కడ పచ్చది. పిడికెడు తీసి చేతిలో పట్టుకున్నాడు. కొత్త నూలు కాదది. ప్రతి పోగూ సన్నగా అలలు అలలుగా ముడుచుకుని ఉంది. పడుగులో ఒకసారి కూర్చుని, విప్పితే బయటికి వచ్చిన నూలు మాత్రమే అట్లా ఉంటుంది. నేసేవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు.

"ఎవరు విప్పిండ్రు?" అన్నాడు.

"కరోనా అయినంక నువ్వు మల్ల మగ్గమెక్కినవ్ సూడు. ఆ దినమే ఆయనకు తెలిసిపోయింది. 'ఎల్లసామి చెయ్యి పోయిందే' అన్నడు. అన్నం తినలే. తెల్లారి కోడి కూయంగనే లేసి మగ్గం కాడికి పోయిండు. నేను దీపం పట్టిన. నీ సగం విప్పిండు, మల్ల నేసిండు. ఎండ వచ్చేటాల్లకు లేసి, మొకం కడుక్కొని, నువ్వొచ్చేసరికి అప్పుడే వచ్చినోని లెక్క కూసున్నడు."

"ఒక్కనాడా?"

"రోజూ."

ఎల్లస్వామి చేతిలో నూలు అట్లాగే ఉంది.

"పాడైనకాడనే విప్పుతుండె. మంచిగున్నకాడ ముట్టకపోతుండె. 'ఇది చూడే, నిన్న వాని చెయ్యి మంచిగ నడిచింది' అని నాకు చూపెడ్తుండె. సంబురం అప్పుడు. చిన్న పోరనికి అక్షరాలు వచ్చినట్టు సంబురం. విప్పిన నూలు పారేస్తనంటె పారెయ్యనియ్యలే. 'వాని చేతిదే, ఉండనీ' అన్నడు."

బయట పవర్‌లూమ్‌లు మొదలయ్యాయి. ఆ మోత గోడలోంచి వచ్చి నేలలో సన్నగా కదిలింది.

"ఆయన దిక్కు గూడ వదులే గద వదినె," అన్నాడు ఎల్లస్వామి. తన బతుకులో ఒక మాట కోసం అంత పెనుగులాడింది లేదు. "నేను... ఆయన నీళ్లకు లేసినప్పుడు..."

"కొడ్తుంటివి. ఆయనకు తెల్వదా?" మల్లవ్వ మొహంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. "నువ్వు కొట్టాల్ననే లేస్తుండె. అన్ని నీళ్లు ఎవలు తాగుతరు? బుడ్డపోరగాడు తాగుతడా అన్ని నీళ్లు? 'నా దిక్కు నేనే గట్టిగ కొట్టుకుంటె వానికేం పని మిగులుతది? నా పక్కకు ఎందుకు కూసున్నట్టు వాడు?' అనెటోడు. వదులు కొట్టుడు గూడ నేర్సుకున్నడు ఆయన, ముసలితనంల. పొద్దుగాల తన దిక్కు గూడ మల్ల గట్టి చేసుకుంటుండె."

ఎల్లస్వామికి కుండ దగ్గర నిలబడ్డ సిద్దన్న వెనక భాగం కనిపించింది. చెంబు పైకెత్తి, గటగటా తాగి, మళ్లీ ముంచుకుని, తొందర ఏమీ లేనట్టు గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడే మనిషి. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడని మనిషి. తాను వంగి గబగబా కొడుతూ దొంగలా ఓరకంట చూసుకున్న ఆ వీపు. ఆ వీపుకు అన్నీ తెలుసు. పని అయిపోయిందని తెలిసేదాకా తిరగలేదు.

చేయి పోయిన మనిషిని ఇంటికి పంపడం ఎంత సులువు! కార్ఖానా పెట్టినవాడికి ఒక్క మాట పని. కూర్చోబెట్టి తిండి పెట్టినా ధర్మాత్ముడనే అనేవాళ్లు. ఆయన ఆ రెండూ చేయలేదు. మనిషిని మగ్గం మీదే ఉంచాడు. చేతిలో పంజా ఉంచాడు. ఆ మనిషికే తాను బరువైనట్టు, ఆ మనిషే తనను మోస్తున్నట్టు నమ్మించాడు. దానికి ఎంత బలం కావాలో ఎల్లస్వామి కొలవలేకపోయాడు. గుట్ట కింద నిలబడి పైకి చూసినట్టు ఉంది అతనికి. చూసినకొద్దీ పైన ఇంకా ఉంది.

ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది.

"గండి పడ్డ తెల్లారి?"

మల్లవ్వ చాప అంచు దారాన్ని గోటితో గీరింది.

"వదినె, గండి పడ్డ తెల్లారి గూడనా?"

"ఆ నాడు నీళ్లల్ల నేసినవ్ గదా. చెయ్యి మరీ కొంకర్లు పోయింది నీకు. మొత్తం విప్పాల్సొచ్చింది." చాప అంచు దారాన్ని గోటితో తెంపింది. "నీళ్లు దిగలే అప్పటికి. చల్లగున్నయి. వద్దన్న. 'వాడు వస్తడే, వచ్చి చెయ్యి రాస్తడు' అన్నడు."

"జరం అందుకే వచ్చిందా?" అన్నాడు ఎల్లస్వామి.

మల్లవ్వ తల ఎత్తి అతన్ని సూటిగా చూసింది. "ఎనభై దాటినోనికి జరం రానీకె సాకు గావాల్నా? ఆ మాట ఇంకోసారి అనకు. అన్నవనుకో, ఆయన చేసిందంత మన్నుల పోసినట్టే." కొంగు సర్దుకుంది. "నిన్ను ఏడిపియ్యనీకె పిలువలే. ఆ పిల్ల సంగతి చూడనీకె పిలిచిన."

అతను సంచి మూతి కట్టాడు. మళ్లీ మంచం కిందికి నెట్టాడు. లేచి గడప దాటాడు.

ఆ రోజు మగ్గం ఎక్కలేదు. పలక దగ్గర నిలబడి పాత నేత మీద అరచేయి పెట్టాడు. కుడి సగం. ఇన్నాళ్లూ తనదనుకున్న సగం. తిమ్మిరి పట్టిన వేళ్లకు కూడా ఆ గట్టిదనం తెలిసింది. జీవన్ వచ్చి, "ఏం తాతా, ఒంట్ల బాగలేదా? ఇగ దినాలు లెవ్వు," అంటే, "రేపు," అని ఒక్క మాట అని ఇంటికి పోయాడు. పూలమ్మ ఏదో అడగబోయి, అతని మొహం చూసి ఊరుకుంది. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. అతను ఆ చెంబునే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

*

మర్నాడు పొద్దున చాయ్ కూడా తాగకుండా ఉర్సు గుట్ట దిక్కు నడిచాడు.

రమ ఇంటి ముందు ఆమె అత్త మొగిలమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. అతన్ని చూసి చేట ఆపింది గానీ లేవలేదు.

"ఏం ఎల్లన్నా, కార్ఖానల కండెలు అయిపోయినయా? మా ఇంట్ల బియ్యం గూడ వదులున్నయేమో నొక్కి చూడు."

ఎల్లస్వామి ఆ మాట పడ్డాడు. "రమ ఉన్నదా?"

"ఉండక యాడికి పోతది? పనికి పోకుండ చేస్తిరి గదా."

రమ తలుపు దగ్గరికి వచ్చింది. చేతులకు బట్టల సబ్బు నురుగు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. అతను దారి పొడుగునా కూడగట్టుకున్న మాటలు గుమ్మం ముందు నిలబడేసరికి సగం చెదిరిపోయాయి. మిగిలినవి చెప్పాడు.

"కండెలు మంచిగున్నయి. నా చెయ్యి మంచిగ లేదు."

మొగిలమ్మ చేట కింద పెట్టింది.

"నీకు జోడీ నేత వస్తదా?" అన్నాడు.

"మా అవ్వతోని నేసిన, పెండ్లి గాకముందు." రమ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎందుకు?"

"రా."

"ఈడ చెప్తె సరిపోదు కాకా. అందరి ముంగట ఎల్లగొట్టిండ్రు నన్ను."

"అందరి ముంగటనే చెప్త. రా."

కార్ఖానాలోకి ఇద్దరూ కలిసి వచ్చేసరికి పవర్‌లూమ్‌లు నడుస్తున్నాయి. ఎల్లస్వామి పోయి రాంచందర్ భుజం తట్టి, మరను చూపించాడు. రాంచందర్ విచిత్రంగా చూసి ఆపాడు. పక్కవాడూ ఆపాడు. ఒక్కొక్కటిగా మోత తగ్గిపోయింది. ఆఫీసు గదిలోంచి జీవన్ కరెంటు పోయిందనుకుని బయటికి వచ్చాడు.

ఎల్లస్వామి మూల మగ్గం దగ్గర నిలబడ్డాడు. అంతమంది తన దిక్కే చూస్తున్నారు. మగ్గం పలక పట్టుకుని చెప్పాడు.

"ఈ పిల్ల కండెలల్ల తప్పు లేదు. తప్పు నా చేతిది. మూడేండ్ల సంది నా చెయ్యి పని చేస్తలేదు. నా సగం సిద్దన్న నేసిండు. పొద్దుగాల లేసి, నాకు తెల్వకుంట. రోజూ."

అతని నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు ఆ కార్ఖానాలో ఎవరూ వినలేదు. జీవన్ మెల్లగా వచ్చి మగ్గం మీది పాత నేత మీద చేయి పెట్టి, అక్కడే ఉంచేశాడు. కాసేపటికి రమ దిక్కు తిరిగాడు. "తప్పయింది చెల్లె," అన్నాడు. రమ తల ఊపింది. కండ్లు మాత్రం ఇంకా అతని మీదే ఉంచింది. అతనే చూపు దించుకున్నాడు.

ఎల్లస్వామి తాను నేసినదంతా అందరి ఎదుటే విప్పడం మొదలుపెట్టాడు. పోగు తర్వాత పోగు. ఎడమ సగం, కుడి సగం. విప్పిన నూలు కాళ్ల దగ్గర కుప్పపడింది. పాత నేత తేలి, సిద్దన్న చివరి పేక కనిపించగానే ఆగాడు. అప్పుడు చుట్టూ తిరిగి వచ్చి పలక మీద ఎడమ దిక్కున, తొక్కుడు కట్టెల వైపు కూర్చున్నాడు. కుడి దిక్కు చూపించి, "కూసో," అన్నాడు రమతో.

ఆమె కూర్చుంది. సిద్దిరాములు పంజా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"తప్పు పోతె తిడ్తవా కాకా?"

"నాది పోతె నువ్వు చెప్పు."

అతను తొక్కాడు. ఇద్దరి పడుగూ విచ్చుకుంది. మరలు మళ్లీ ఒక్కొక్కటే నడవడం మొదలుపెట్టాయి. రమ వేళ్లు మొదట తడబడ్డాయి, కాసేపటికి దారి దొరికింది. ఎర్ర పేక, నీలం పేక. నడుమ దారం దగ్గర ఆమె సగం వచ్చి అతని సగాన్ని తాకింది. ఎండ కిటికీలోంచి పలక మీదికి వచ్చేసరికి రెండు వేళ్ల మందం నేశారు.

రమ వంగి అతని దిక్కు చూసింది. చెప్పనా వద్దా అని ఒక్క నిమిషం ఆగింది.

"కాకా, నీ ఎర్రది వదులైంది."

మోతలో కూడా ఆ మాట రాంచందర్‌కు వినిపించింది. అతను తల తిప్పి చూశాడు.

ఎల్లస్వామి ఆ ఎర్ర పోగును పట్టుకుని చివరిదాకా లాగేశాడు. మళ్లీ దూర్చాడు. తన పంజా ఎత్తలేదు. చేయి ఒళ్లో పెట్టుకుని, పక్కకు జరిగి జాగ ఇచ్చాడు.

"నువ్వు కొట్టు," అన్నాడు.

రమ అతని దిక్కుకు వంగి కొట్టింది. పేక దగ్గరికి చేరింది. ఎల్లస్వామి రెండో కట్టె తొక్కాడు.